నాలుగు వేళ్ల దూరం

తాతబ్బాయి మాస్టారికి ఒక అలవాటుండేది. శిష్యులెవరైనా వచ్చి ఏదన్నా అడిగితే, బరువుల బార్ ఎలా పట్టుకోవాలన్నది తప్ప మరి దేనికీ అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. అసలు విన్నట్టే కనిపించేవారు కాదు. రెండు రోజులకో రెండు వారాలకో, "నాతో ఒకచోటికి రా" అని తీసుకుపోయేవారు. వెళ్లినచోట కూడా ఆయన నోరు విప్పింది తక్కువ. తిరిగొచ్చేసరికి ప్రశ్న ఎక్కడిదక్కడే ఉండేది గాని, అడిగిన మనిషి మాత్రం కొంచెం మారి వచ్చేవాడు. కాకినాడ జగన్నాథపురంలో ఆయన తాలింఖానాలో ముప్ఫై ఏళ్లుగా బరువులెత్తిన వాళ్లెవరిని అడిగినా ఈ మాట ఒప్పుకుంటారు.

నూకరత్నం ఆయన దగ్గర ఆరేళ్లుగా బరువులెత్తుతోంది. ఇంటర్ పూర్తయింది. యాభైతొమ్మిది కిలోల విభాగంలో రాష్ట్రం మొత్తానికీ మొదటి స్థానం వచ్చింది. దాంతో ఒక కాలేజీవాళ్లు స్పోర్ట్స్ కోటాలో సీటిస్తామని పిలిచారు. ఏ గ్రూపు తీసుకుంటుందో శనివారంలోగా రాసివ్వమన్నారు. అక్కడ వచ్చింది చిక్కు. సోమవారం సాయంత్రం సాధన అయ్యాక, అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, అరచేతుల సుద్దపొడి దులుపుకుంటూ ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"మాస్టారూ, బరువులెత్తేవాళ్లు ఏం చదవాలండి?"

అడిగి ఊరుకోలేదు. మనసులో ఉన్నదంతా వరసగా చెప్పుకొచ్చింది. కాలేజీలో ఆటలు చూసే పి.డి. గారు మంచివాడే. ల్యాబులు లేని గ్రూపు తీసుకో, హాజరు సంగతి లెక్చరర్లతో నేను మాట్లాడతాను, రెండు పడవల మీద కాళ్లు పెట్టకు అన్నారు. రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మ కూడా అదే అంది. ఆటల్లో పైకొస్తే రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం దానంతటదే వస్తుంది, ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలదా అంది. ఇద్దరూ తన మేలు కోరే చెప్పారు. కాని తనకు ఫిజిక్స్ చదవాలని ఉంది. అందులో వారానికి నాలుగు రోజులు ల్యాబులు, అవీ సాయంత్రం, సరిగ్గా తాలింఖానాకి వచ్చే వేళకే.

ఫిజిక్స్ మీద ఆశ ఎందుకు పుట్టిందో కూడా చెప్పింది. బార్‌ని నేల మీంచి లేపి భుజాల మీదికి తెచ్చుకునేటప్పుడు, అది మోకాళ్లు దాటి తొడల దగ్గరికొచ్చాక ఒక క్షణం వస్తుంది. ఆ క్షణంలో వంద కిలోలూ ఎటో పోతాయి. చేతుల్లో ఏమీ లేనట్టే ఉంటుంది. మరుక్షణం మళ్లీ వచ్చి మీద పడతాయి. ఆ మధ్యలో బరువు ఎక్కడికి పోతుందని ఇంటర్‌లో సారుని అడిగితే ఆయన నల్లబల్ల మీద బాణం గుర్తులు గీసి సగం చెప్పాడు, ఇంతలో గంట కొట్టారు. మిగతా సగం కోసం ఆమె రెండేళ్లుగా పుస్తకాలు తిరగేస్తూనే ఉంది. అయినా భయం. రెంటినీ పట్టుకోబోతే రెండూ జారిపోతాయేమోనని.

మాస్టారు అంతా విన్నారో లేదో తెలియదు. బార్లు తుడిచి గోడవారకు పెట్టడం ముగించి, "గురువారం పౌర్ణమి. పొద్దున్నే పాత బట్టలు కట్టుకుని రా" అన్నారు. అంతే.

గురువారం ఎనిమిదిన్నర అయ్యేసరికి ఇద్దరూ కోరంగి దగ్గర బస్సు దిగి, ఏటివైపు మడచెట్ల మధ్యగా నడిచారు. దారి మలుపు తిరిగేసరికి నూకరత్నం ఆగిపోయింది.

ఎదురుగా ఒడ్డు మీద పడవ ఉంది. పడవ అంటే ఆమెకు తెలిసింది చేపల పడవ. ఇది ఇల్లంత ఉంది. మేడంత ఉంది. మడమల దాకా బురదలో నిలబడి తలెత్తి చూస్తే దాని అంచు కనిపించాలంటే మెడ వెనక్కి వంచాలి. కొత్త చెక్క, చేపనూనె, వేపనూనె కలిసిన వాసన. రెండేళ్లు పట్టిందట కట్టడానికి. కాగితం మీద ఒక్క గీత గీయకుండా, కంటితోనూ చేత్తోనూ కట్టారట. దాని పొట్ట వంపు మీద ఎక్కడా ఒక మొటిమంత ఎగుడుదిగుడు లేదు. యాభై టన్నుల పైమాటే అని ఎవరో అంటున్నారు. ఆ యాభై టన్నులనూ ఈ పూట ఏట్లోకి దింపాలి.

దింపేది లోవరాజు మేస్త్రి. డెబ్భై దాటిన మనిషి, ఎండిన తాటిమట్టలా సన్నగా ఉన్నాడు. మాస్టారూ ఆయనా ఎప్పటి స్నేహితులో, ఒకరికొకరు తలూపుకున్నారంతే. పడవ అడుగున జారుడు చట్రం అమర్చి, దానికింద నూనె పూసిన దుంగలు నీళ్లదాకా పరిచారు. రెండేళ్లుగా పడవను మోస్తున్న దిమ్మలన్నీ ఒక్కటొక్కటే తీసేశారు. రెండు పెద్ద తాళ్లు కప్పీల మీదుగా ముప్ఫై మంది చేతుల్లోకి వచ్చాయి. తొమ్మిదిన్నరకి పోటు నిండుతుంది. పావుగంటో ఇరవై నిమిషాలో నీరు అలా నిలబడుతుంది. తరువాత ఆటు. ఆ లోపు దిగితే దిగినట్టు. దిగకపోతే మళ్లీ ఇంత నీరు రావడానికి పదిహేను రోజులు. దిమ్మలు తీసేసిన పడవ అన్నాళ్లు అలా ఒరిగి నిలబడితే, తన బరువుకి తానే నడుం విరుచుకుంటుంది.

వేళయింది. మేస్త్రి చెయ్యెత్తాడు. ముప్ఫై మందీ ఒక్క గొంతుతో పదం అందుకుని లాగారు. పడవ కదలలేదు. మళ్లీ లాగారు. కదలలేదు. మాస్టారు నూకరత్నం వైపు చూడకుండానే, "నువ్వూ ఓ చెయ్యి వెయ్యి" అన్నారు. ఆమె పరుగెత్తి తాడు పట్టుకుంది. తన మీద తనకు చాలా నమ్మకం ఆ క్షణంలో. ముప్ఫై మందికి ఒక్కరే తక్కువయ్యారని, ఆ ఒక్కరూ తానేనని. మడమలు బురదలో పాతుకుని, వీపంతా విల్లులా చేసి లాగింది. అరచేతుల తోలు లేచింది. పడవ కొండలా అలాగే ఉంది.

తన బలం ఇంత చిన్నదని ఆమెకు ఆరేళ్లలో ఎన్నడూ అనిపించలేదు.

పడవ యజమాని కంగారుగా ట్రాక్టరు తెప్పిస్తానన్నాడు. మేస్త్రి వద్దన్నాడు. ట్రాక్టరుతో లాగితే వచ్చేది పడవ కాదు, పడవ ముక్కు మాత్రమే అన్నాడు. తాళ్లు వదిలేయమని అందరికీ చెప్పాడు. ఆయన పడవ చుట్టూ నెమ్మదిగా నడిచాడు. ఒక్కోచోట ఆగి, చెక్క మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. జ్వరం వచ్చిన బిడ్డ ఒళ్లు చూస్తున్న తల్లిలా ఉంది ఆ చూడటం. వెనకభాగం దగ్గర ఆగి, ఇక కదలలేదు. వంగి లోపలికి చూశాడు. తీసేశామనుకున్న దిమ్మల్లో ఒకటి బురదలోకి ఒరిగి, జారుడు చట్రాన్ని కరిచి పట్టుకుని ఉంది.

ఆ ఒక్కచోట పడవని అర అంగుళం లేపితే చాలు, దిమ్మను కొట్టి తీసెయ్యొచ్చు. జాకీ పెడదామంటే ఆ సందులో పట్టదు. పన్నెండడుగుల దూలం ఒకటి దూర్చారు. దాని మొన కింద ఇనప రేకు వేశారు, బురదలో దిగకుండా. మొనకి కొంచెం ఇవతల, దూలానికీ పడవకీ మధ్య ఒక చెక్కముక్క పెట్టారు. ఇవతలి కొసను పైకెత్తితే దూలం ఆ చెక్కముక్కతో పడవని లేపాలి. అయితే ఆ కొస వచ్చి తేలింది పడవ పొట్టకీ పక్కనున్న గట్టుకీ మధ్య. అక్కడ ఒక్క మనిషి గొంతుక్కూర్చోవడానికి మాత్రమే జాగా ఉంది.

కూలీలందరిలోకీ బలమైనవాడు ముందు దిగాడు. నడుం మీద బరువంతా వేసి గుంజాడు. దూలం మూలిగిందిగాని లేవలేదు. రెండోవాడు దిగి, సగం దాకా లేపి, నడుం పట్టేసి కూలబడ్డాడు. అతన్ని ఇద్దరు పట్టుకుని బయటికి తెచ్చారు. నీరు ఒడ్డు అంచు తాకి నిలబడింది. మేస్త్రి నీళ్లవైపు ఒకసారి, మాస్టారివైపు ఒకసారి చూశాడు.

"మాస్టారండీ, కూర్చున్నచోటి నించి లేస్తూ బరువెత్తడం మీ పిల్లలకి నేర్పుతారు కదండీ" అన్నాడు.

మాస్టారు అవుననీ కాదనీ అనలేదు. నూకరత్నం ఆయన మొహంలోకి చూసింది. అందులో ఏమీ దొరకలేదు. చున్నీ నడుముకి బిగించి, ముందుకొచ్చింది. కొత్త పడవ కిందికి ఆడపిల్ల దూరడమేమిటని వెనకనుంచి ఎవరో గొణిగారు. మేస్త్రి అటు తిరక్కుండానే, రెండేళ్లూ ఈ చెక్కలకి నూనె పట్టించింది మీ ఇంటి ఆడవాళ్లే కదా అన్నాడు.

ఆయన లోపలికి దూరి, మొనకి అయిదు వేళ్ల దూరంలో ఉన్న చెక్కముక్కను మూడు వేళ్ల దూరానికి జరిపాడు. ఇవతలికి వచ్చి ఆమె భుజాలవైపు, కాళ్లవైపు చూశాడు.

"ఎంతెత్తుతావమ్మా?"

"భుజాల మీదికైతే నూటరెండు కిలోలు తాతా. నడుందాకా అయితే నూటనలభై."

"బియ్యం బస్తాల్లో చెప్పు."

"డెబ్భై అయిదు కిలోల బస్తాలైతే రెండింటికి కాస్త తక్కువ."

ఈ అంకె ఆమె చాలామందికి చెప్పింది. విన్నవాళ్లు నవ్వేవారు, లేదా మనసులో సగం చేసుకునేవారు. మేస్త్రి నవ్వలేదు, సగం చేయలేదు. ఉన్నదున్నట్టు తీసుకున్నాడు. ఒక్క నిమిషం పెదవులు కదిలాయి. మళ్లీ లోపలికి దూరి, చెక్కముక్కను ఒక్క వేలు ఇటు జరిపాడు. ఇప్పుడు నాలుగు వేళ్ల దూరం. సుత్తి పట్టుకుని, పడవకి అవతలిపక్క దిమ్మ దగ్గర పొట్ట మీద పడుకున్నాడు. అక్కడినుంచే, ఊడిందని నేననగానే వదిలేసి వెనక గట్టు మీదికి ఒరిగిపో, ఒక్క క్షణం కూడా ఆగకు అన్నాడు.

నూకరత్నం సందులో గొంతుక్కూర్చుంది. వీపుకి గట్టు. మొహానికి జానెడు దూరంలో పడవ పొట్ట. పైకి చూస్తే ఆకాశం లేదు, చెక్కే. ఆ చెక్క ఊపిరి తీస్తున్నట్టు ఎక్కడో లోపల చిన్నగా కిర్రుమంటోంది. దూలం కింద రెండు చేతులూ పెట్టింది. ఒలిచిన అరచేతులు భగ్గుమన్నాయి. పట్టు రెండుసార్లు మార్చుకుంది. భయమని ఆమెకు తెలుసు.

"నడుం నిటారు" అని గట్టు మీంచి మాస్టారి గొంతు వినిపించింది. రోజూ తాలింఖానాలో అన్నట్టే, అంతకన్న ఎక్కువా కాదు, తక్కువా కాదు.

మూడోసారి పట్టు మార్చుకోలేదు. గుండెల నిండా గాలి పట్టుకుని, మడమలతో నేలను కిందికి తోసింది.

మొదట ఏమీ లేదు. గోడను ఎత్తుతున్నట్టుంది. చెవుల్లో హోరు, కళ్లముందు ఎర్రటి చుక్కలు. ఇంకొంచెం తోసింది. తనలో ఇంకేమీ మిగల్లేదనుకున్నచోట ఇంకొంచెం ఉంది. దాన్నీ పెట్టింది. అప్పుడు దూలం కదిలింది. పడవ లేస్తోంది. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ కనిపించలేదు, కాని ఆమె చేతులకు తెలిసింది. రెండేళ్లపాటు నలభైమంది కట్టిన ఆ మేడంత పడవ, ముప్ఫై మంది లాగినా చలించని పడవ, తన మోకాళ్లు నిటారవుతున్న కొద్దీ, బియ్యపుగింజ పక్కన బియ్యపుగింజ పేర్చినంత మెల్లగా పైకి వస్తోంది. నొప్పి ఉంది, కాని దూరంగా ఎవరిదో అన్నట్టుంది. ఆ క్షణం ఎంతసేపో ఆమెకు తరువాత ఎప్పుడూ తెలియలేదు.

అవతలినుంచి సుత్తి దెబ్బ ఒకటి. రెండు. మూడోది తడి చెక్క ఊడిన చప్పుడు.

"ఊడింది" అన్నాడు మేస్త్రి.

వదిలేసి వెనక గట్టు మీదికి ఒరిగిపోయింది. ఆమె మొహం ముందునుంచి పడవ బయలుదేరింది. తాడు పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఎవరూ తోయలేదు. ముందు చీమ నడిచినట్టు, తరువాత ఎద్దు నడిచినట్టు, ఆ తరువాత నూనె దుంగల మీద ఒక్క పెద్ద నిట్టూర్పుతో, పడవ తనంతట తాను ఏటివైపు వెళ్లిపోయింది. దాని పొట్ట తన పక్కనుంచి ఒక్కొక్క చెక్కే దాటుతుంటే ఆమె వేళ్లు చాచింది, తాకలేదు. పడవ పోయినచోట ఒక్కసారిగా వెలుతురు వచ్చింది. నీళ్లు రెండుగా చీలి ఒడ్డెక్కి, ఆమె నడుందాకా తడిపి వెనక్కి పోయాయి. ఏటి మధ్యలో అంత పడవా కొబ్బరిచిప్పలా తేలికగా ఊగుతోంది. ఒడ్డు మీద ముప్ఫై మందీ నిలబడిపోయారు. ఎవరూ కేక వెయ్యలేదు. యజమాని తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ మౌనంలో, మడచెట్ల మీంచి కొంగలు లేచిన రెక్కల చప్పుడు అందరికీ వినపడింది.

నూకరత్నం బురదలో అలాగే కూర్చుని చాలాసేపు పడవనే చూసింది. ఏడుస్తున్నానని ఉప్పగా నోటికి తగిలినప్పుడు తెలిసింది.

తరువాత మేస్త్రి వచ్చి పక్కన చతికిలబడ్డాడు. ఆయన రొమ్మంతా నల్లటి బురద. ఆమె ఒక్కటే అడిగింది. ఎక్కడ పెట్టాలో ఎలా తెలిసింది తాతా, అని.

మేస్త్రి తన అరచెయ్యి తెరిచి, అందులో ఏదో రాసి ఉన్నట్టు చూసుకున్నాడు.

"నా చేతికి తెలుస్తుందమ్మా. మా నాన్న చేతికీ తెలిసేది. ఎందుకలాగో మాత్రం మా ఇద్దరికీ తెలీదు. మొనకి దగ్గరగా పెడితే బరువు ఎందుకు తగ్గుతాది, ఆ తగ్గింది ఎక్కడికి పోతాది, అని చిన్నప్పటినుంచీ అనుకుంటానే ఉన్నాను. చెప్పే చదువేదైనా ఉందా?"

"ఉంది తాతా."

"ఉందా" అని ఆయన ఏటివైపు తిరిగాడు. మొహంలో పసిపిల్లవాడి ఆశలాంటిదేదో కదిలింది. "ఎవరన్నా చదువుకుని వచ్చి చెబితే నాకు వినాలని ఉంది. తొందరగా రావాలిగాని."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ అరచెయ్యి తాలింఖానాలో బార్ మీది గాట్ల పట్టు అంత గరుకుగా ఉంది.

తిరుగు బస్సులో కిటికీపక్కన కూర్చుని, గుడ్డపీలికలు చుట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుంది. మాస్టారు పక్కన కళ్లు మూసుకున్నారు. నిద్రపోతున్నారనే అనుకుంది. మడచెట్లు వెనకబడ్డాయి. ఆమె వేళ్లు మోకాలి మీద తమంతట తామే కొలుస్తున్నాయి. అయిదు వేళ్లు. మూడు. మళ్లీ నాలుగు. మూడు దగ్గర పెట్టినవాడు నాలుగుకి ఎందుకు జరిపాడు? తన బలం ఎంతో తెలిశాక తనకు ఇంకా కష్టమయ్యేటట్టు ఎందుకు చేశాడు? చూపుడువేలితో కిటికీ అద్దం దుమ్ము మీద దూలం గీసింది. చెక్కముక్క గీసింది. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ. ఇవతలి కొస ఎంత లేస్తే అవతల పడవ ఎంత లేస్తుందో రెండుసార్లు లెక్క కట్టింది. కొంతసేపటికి ఆమె వేలు ఆగిపోయింది.

"మాస్టారూ" అంది మెల్లగా. "మూడు వేళ్ల దగ్గరే ఉంచేసి ఉంటే నాకు తేలికయ్యేదండి. పడవ మాత్రం చాలినంత లేచేది కాదు."

మాస్టారు కళ్లు తెరిచారు. అద్దం మీది గీతలవైపు చాలాసేపు చూశారు. ఆయన మొహం మీద అలాంటి నవ్వు ఆమె అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"రేపటినుంచి నాలుగున్నరకే తాలింఖానా తలుపు తీస్తాను" అన్నారు. "తెల్లవారుజామున వస్తే సాయంత్రాలు నీవి."